కమాను మార్చే ముందు

క్రీడాక్వాడ్ నడిపే యువకుల నోట తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటున్నది: "దీనికి ఏ కంపెనీ షాకప్‌లు వేయిస్తే బాగుంటుంది?" ప్రశ్న సహజమైనదే. కాని దానికంటె ముందు అడగవలసిన ప్రశ్నలు నాలుగైదు ఉన్నవనీ, వాటికి సమాధానం అంగడిలో గాక కొలత టేపు దగ్గరా, తూకపు యంత్రం దగ్గరా దొరుకుతుందనీ మేము భావిస్తున్నాము. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇంతే: మోటోక్రాస్ ట్రాక్ మీద నడిపే క్వాడ్‌కు కమానులూ షాకప్‌లూ మార్చుకోవడం తప్పు కాదు, కొలవకుండా మార్చుకోవడం తప్పు. ఆ తప్పుకు మూల్యం డబ్బు రూపంలోనే గాక వెన్నెముక రూపంలో కూడా చెల్లించవలసి వస్తుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలోని చదువరులకు ఈ విషయం ఎందుకని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. లక్షల విలువ చేసే ఆటవస్తువు గురించి కళాశాల సంచికలో వ్రాయడమేమిటన్న వారి మాటలో న్యాయం లేకపోలేదు. అయినా, హైదరాబాదు శివార్లలో నేడు అద్దెకు క్వాడ్‌లు నడపనిచ్చే మైదానాలు వెలసినవి. 2025 డిసెంబరులో గచ్చిబౌలి క్రీడాంగణంలో మట్టి పోసి, గుట్టలు కట్టి సూపర్‌క్రాస్ పోటీ నడిపారు. అది ద్విచక్రవాహనాల పోటీయే అయినా, చూసి వచ్చిన కుర్రవాళ్ళ మనసులో మట్టిగుట్టల మీది ఎగురుడు నిలిచిపోయింది. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే ఒంటిసీటు మట్టిబండిని రూపొందించి నడిపే బాహా పోటీలు మన దేశంలో 2007 నుండి జరుగుతున్నవి. ఈ బండ్లను కొనేవాడు ధనవంతుడు కావచ్చును గాని, వాటిని విప్పేవాడు, బిగించేవాడు, ఎక్కి పరీక్షించేవాడు మనవంటి ఊళ్ళ నుండి వెళ్ళిన కుర్రవాడే. కనుక విషయం మనది కాదనడానికి వీలులేదు.

ముందుగా బండి సంగతి. 1970లో హోండా కంపెనీ అమ్మకానికి పెట్టిన మూడు చక్రాల మట్టిబండికి కమానులే లేవు. బుడగల్లాంటి పెద్ద టైర్లలో కొద్దిపాటి గాలి ఉంచి, ఆ మెత్తదనంతోనే సరిపెట్టారు. టైరు బంతివలె ఎగరడమే తప్ప ఎగురుడును ఆపుకొనే శక్తి దానికి లేదు. నాలుగు చక్రాలతో, పోటీకే ఉద్దేశించి సుజుకి 1985లో క్వాడ్‌రేసర్‌ను తెచ్చింది. ప్రమాదాల మీద వచ్చిన ఆందోళన ఫలితంగా 1988లో అమెరికా ప్రభుత్వంతో కంపెనీలు చేసుకొన్న ఒప్పందం వలన మూడు చక్రాల బండ్ల అమ్మకం అక్కడ ఆగిపోయింది. నాలుగు చక్రాలది మిగిలింది. ముందు రెండు చక్రాలకు వేరువేరుగా పై చేయి, కింది చేయి. వెనుక రెండింటికీ కలిపి ఒకే ఇరుసు, దానిని మోసే ఒక స్వింగ్ ఆర్మ్, ఒకే షాకప్ - నేటికీ క్రీడాక్వాడ్ ఆకారం స్థూలంగా ఇదే.

ఇక్కడ మాటల గురించి ఒక చిన్న ముచ్చట. మన జిల్లాల కార్ఖానాలలో ఆకుస్ప్రింగును కమాను అంటారు. అది ఉర్దూ మాట. విల్లు అని అర్థం. బరువు పడితే వంగి, తీస్తే తిరిగి లేచే దానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. జట్కా బండి పేరు కూడా దక్కనీలోని 'ఝట్కా' నుండి వచ్చినదే. కుదుపును పేరులోనే పెట్టుకొన్న బండికి కింద కమానులు ఉండేవి. ఎడ్లబండికి అవీ లేవు. ఎడ్లబండికి కమానుల అవసరం రాలేదనడం సరియైన మాట, ఎందుకంటే ఎద్దు నడకే దాని కమాను. వేగం పెరిగిన కొద్దీ విల్లు కావలసి వచ్చింది. వేగం మరింత పెరిగి బండి నేలను విడిచి గాలిలోకి లేచే రోజు వచ్చేసరికి విల్లు ఒక్కటే చాలలేదు.

ఎందుకు చాలదో ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. తెలిసిన సంగతి తనకు తెలియదనుకొంటున్నాడు, అంతే. ప్రయోగశాలలో స్ప్రింగుకు పళ్ళెం వ్రేలాడదీసి, తూకపు రాళ్ళు వేసి, సాగిన పొడవు కొలిచి, హుక్ నియమం వ్రాసినవాళ్ళమే మనమంతా. రాయి తీసివేస్తే పళ్ళెం ఎంతసేపు ఊగేదో కూడా చూచినవాళ్ళమే. స్ప్రింగు దెబ్బను మింగదు. దాచుకొని తిరిగి ఇస్తుంది. తిరిగి ఇవ్వకుండా దానిని వేడిగా మార్చి హరించేది షాకప్‌లోని నూనె. పాఠ్యపుస్తకంలో అవరుద్ధ డోలనాలు అని చదివినది ఇదే. బరువును మోసేది స్ప్రింగు, ఊపును చంపేది నూనె. ఈ రెండు పనులను కలగలిపి ఆలోచించడం వల్లనే కొనుగోలులో పొరపాట్లన్నీ పుడుతున్నవి. బండి ఊగుతున్నదని గట్టి స్ప్రింగు వేయించేవారు, బండి కుంగుతున్నదని నూనె బిగించేవారు మనకు తరచుగా కనిపిస్తారు. ఇద్దరూ జ్వరానికి పళ్ళు పీకించుకొన్నవారితో సమానం.

దెబ్బ ఎంతటిదో ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. యమహా వై.ఎఫ్.జెడ్. 450 ఆర్ అనే క్రీడాక్వాడ్ నూనెలూ పెట్రోలూ నింపిన తరువాత సుమారు 184 కిలోలు తూగుతుంది. దాని ముందు చక్రాలు పైకీ కిందికీ కదలగల దూరం సుమారు 250 మిల్లీమీటర్లు, వెనుక సుమారు 280. ఈ బండి రెండు మీటర్ల ఎత్తు నుండి చదునైన నేల మీద పడిందనుకొందాము. పావు మీటరు దూరంలో దానిని ఆపవలసి ఉంటే, ఆపే బలం సగటున బండి బరువుకు తొమ్మిది రెట్లు ఉండాలి. అదే కమానులు పూర్తిగా అణగిపోయి, టైరులోని అయిదు సెంటీమీటర్ల మెత్తదనం మాత్రమే మిగిలితే నలభై ఒక్క రెట్లు. కూర్చున్నవాని నడుము మీద పడే దెబ్బ ఈ రెండు అంకెల మధ్య ఎక్కడ ఉంటుందన్నదే సస్పెన్షన్ విషయమంతా. మోటోక్రాస్ ట్రాక్ కట్టేవారు దిగే చోటును ఏటవాలుగా ఎందుకు కడతారో కూడా ఇందులోనే ఉన్నది. ఏటవాలు మీద దిగినప్పుడు నేలను నిలువుగా తాకే వేగం తగ్గుతుంది. ఏటవాలు దాటి చదునులో పడినవానికి ఆ దయ దక్కదు. ద్విచక్రం అదుపు తప్పితే నడిపేవాడు పక్కకు ఒరిగి పడతాడు. క్వాడ్ వెనుక భాగం ఎగిరితే నూట ఎనభై నాలుగు కిలోల ఇనుము అతని మీదికే వస్తుంది.

కనుక మొదటి పని కొలత. ఖర్చు లేనిది, అరగంట పట్టేది. చక్రాలు నేలను వదిలేంతగా జాకీ మీద బండిని ఎత్తి, ఇరుసు మధ్య నుండి పైనున్న ఏదైనా కదలని గుర్తు వరకు కొలిచి వ్రాసుకోవాలి. తరువాత బండిని దించి, నడిపే వ్యక్తి హెల్మెట్టుతో, బూట్లతో, ట్రాక్ మీద ఎట్లా నిలుస్తాడో అట్లాగే నిలిచి, ఒకసారి ఊగి ఆగినాక మళ్ళీ కొలవాలి. ఈ రెండింటి తేడాయే కుంగుదల. మొత్తం కదలికలో పావు వంతు నుండి మూడో వంతు వరకు కుంగడం సాధారణంగా మంచిది. పైన చెప్పిన బండికి ముందు సుమారు 62 నుండి 83 మిల్లీమీటర్లు, వెనుక 70 నుండి 93 మిల్లీమీటర్లు అన్నమాట. అసలు కుంగకపోతే చక్రం గుంతలోకి దిగి నేలను అందుకోలేదు, గాలిలో ఉండిపోతుంది. మరీ కుంగితే దెబ్బను ఆపడానికి దూరం మిగలదు.

కుంగుదల సరిగా లేదనగానే చాలామంది చేసే పని ఒకటున్నది. పానా తెచ్చి, స్ప్రింగు పైనున్న రింగును గుండ్రంగా తిప్పి బిగించి, "గట్టి చేశాము" అంటారు. స్ప్రింగు గట్టిపడదు. బండి ఎత్తు మాత్రం పెరుగుతుంది. బిగించినంత మాత్రాన స్ప్రింగు స్థిరాంకం మారదని హుక్ నియమమే చెబుతున్నది. రింగు చివరిదాకా బిగించినా బండి ఎక్కువగా కుంగుతున్నదంటే స్ప్రింగు బలహీనమైనది. రింగు పూర్తిగా వదిలినా కుంగడం లేదంటే స్ప్రింగు మీకు మించినది. ఈ రెండో సంగతి మన దేశంలో ఎవరూ అనుమానించరు. బలమైనదంటే మేలైనదని మనకొక నమ్మకం. లారీకి అదనపు కమాను పట్టీ వేయించే అలవాటు నుండి వచ్చినదేమో! లారీ యజమానికి అది చెల్లుతుంది, ఎందుకంటే అతడు బరువు ఎక్కిస్తాడు. దూరదేశపు కర్మాగారం ఎవరో ఒక సగటు మనిషిని ఊహించుకొని స్ప్రింగు వేసి పంపుతుంది. మన డిగ్రీ విద్యార్థి యాభై అయిదు కిలోలుంటాడు. అతనికి కావలసినది పేరుమోసిన కంపెనీ వారి గట్టి స్ప్రింగు కాకపోవచ్చు. ఉన్నదానికంటె మెత్తటిది కావచ్చు. కారులో మనిషి బరువు కారు బరువులో చిన్న భాగం. క్వాడ్‌లో అట్లా కాదు. యాభై అయిదు కిలోల వాడు ఎక్కితే మొత్తం 239, ఎనభై అయిదు కిలోల వాడు ఎక్కితే 269. ఎనిమిదో వంతు తేడా! అన్నకు సరిపోయిన బండి తమ్ముణ్ణి విసిరివేయడంలో ఆశ్చర్యమేమున్నది?

స్ప్రింగును కొనేటప్పుడు మరొక మెలిక ఉన్నది. చక్రం కదిలినంత దూరం షాకప్ కదలదు. అది చేయికి ఎక్కడ తగిలించబడి ఉన్నదో దానిని బట్టి, చక్రం ఇరవై సెంటీమీటర్లు లేస్తే షాకప్ పదే అణగవచ్చు. అప్పుడు చక్రం దగ్గర స్ప్రింగు బలం సగం కాదు, నాలుగో వంతు. నిష్పత్తి వర్గంగా పనిచేస్తుంది. అందుచేత ఒక బండిలో మెత్తగా ఉన్న స్ప్రింగు మరొక బండిలో బండరాయిలా ఉంటుంది. స్నేహితుని బండిలో బాగున్నదని అదే అంకె వ్రాసి తెప్పించుకోవడం, స్నేహితుని కళ్ళజోడు బాగున్నదని అదే నంబరు అద్దాలు వేయించుకోవడం వంటిది.

నూనె సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. షాకప్ లోపల పిస్టన్ మీద పలుచని ఉక్కు బిళ్ళలు దొంతరగా ఉంటాయి. నూనె వాటిని వంచుకొంటూ దారి చేసుకొని పోవాలి. అణగేటప్పుడు ఒక దొంతర, లేచేటప్పుడు మరొక దొంతర. పైన చెప్పిన యమహా బండి ముందు షాకప్‌లకు కర్మాగారంలోనే అణగుడు వేగాన్ని రెండు విధాలుగా, లేచే వేగాన్ని ఒక విధంగా మార్చుకొనే మరలు పెట్టి పంపుతున్నారు. వేగం అంటే ఇక్కడ బండి వేగం కాదు, పిస్టన్ వేగం. మలుపులో బండి నెమ్మదిగా ఒరిగినప్పుడు ఒక మర పనిచేస్తుంది. రాయి తగిలి చక్రం గభాలున లేచినప్పుడు రెండోది. ఈ మరలను ఎన్నడూ తిప్పి చూడకుండానే అసలు షాకప్‌లు పనికిరానివని తీర్మానించడం మాకు విచిత్రంగా తోస్తున్నది. మరను పూర్తిగా మూసి, అక్కడ నుండి ఎన్ని టిక్కులు వెనక్కి తిప్పారో లెక్కించి వ్రాసుకొని, ఒకసారికి ఒకటే మార్చి, అదే ట్రాక్ మీద అదే వేగంతో మళ్ళీ నడిపి చూడాలి. రెండింటిని ఒకేసారి మార్చినవానికి ఏది మేలు చేసిందో ఏనాటికీ తెలియదు.

లేచే వేగం విషయంలో మోటోక్రాస్‌కు ప్రత్యేకమైన పరీక్ష ఉన్నది. వరుసగా దగ్గర దగ్గరగా కట్టిన చిన్న గుట్టల మీద బండి పోయేటప్పుడు, మొదటి గుట్టకు అణగిన షాకప్ రెండో గుట్ట వచ్చేలోగా లేచి సిద్ధంగా ఉండాలి. నూనె మరీ బిగువైతే లేవదు. రెండో దానికి ఇంకొంచెం, మూడో దానికి ఇంకొంచెం అణిగి, అయిదో గుట్టకు అడుగున కూర్చుంటుంది. నడిపేవాడు "షాకప్ మెత్తగా ఉన్నది, అడుగు తగులుతున్నది" అనుకొని మరింత బిగిస్తాడు. రోగం పెరుగుతుంది. నూనె మరీ వదులైతే వెనుక భాగం గాడిద తన్నినట్లు తన్నుతుంది. రెండు రోగాలకూ లక్షణం ఎగురుడే కనుక, ఎప్పుడు ఎగిరింది, మొదటి గుట్టకా ఆఖరి గుట్టకా అని అడిగే వైద్యుడు కావాలి.

షాకప్ మారితే ఆట మారుతుందన్న మాటను మేము కాదనడం లేదు. చరిత్రలో దానికి గొప్ప తార్కాణం ఉన్నది. బెల్జియం దేశీయుడు లూసియన్ టిల్కెన్స్ వెనుక రెండు షాకప్‌లకు బదులు సీటు కింద ఒకే పొడవైన షాకప్ పెట్టే పద్ధతిని కనిపెట్టగా, దానిని యమహా కంపెనీ తీసుకొన్నది. ఆ ఏర్పాటుతో స్వీడన్ వీరుడు హకాన్ ఆండర్సన్ 1973లో 250 సి.సి. ప్రపంచ మోటోక్రాస్ విజేత అయినాడు. నాలుగంగుళాలు కదలే చక్రాలు ఆ దశాబ్దం ముగిసేలోగా పన్నెండంగుళాల దాకా కదలసాగినవి. అదే స్వీడన్‌లో 1976లో వెలసిన ఓలిన్స్ సంస్థ పేరు తెలియని మోటారు క్రీడాభిమాని లేడు. కాని ఒక్క సంగతి గమనించాలి. ఆ మార్పు వచ్చినది కొత్త షాకప్ మెరుస్తున్నందువల్ల కాదు. చక్రానికి ఎంత దూరం కావాలో ఒకరు కొత్తగా ఆలోచించినందువల్ల వచ్చినది.

మరి క్వాడ్ కొన్నవాడు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి? మా దృష్టిలో మొదట ఖర్చు పెట్టవలసినది కొత్త వస్తువు మీద కాదు. అరిగిన బుష్షులు, వదులైన బాల్ జాయింట్లు, ఎన్నాళ్ళుగానో మార్చని షాకప్ నూనె - వీటిని సరిచేయించాలి. టైర్లలో గాలి చూడాలి. మోటారుసైకిల్ అలవాటుకొద్దీ ముప్పై పౌండ్ల దాకా గాలి కొట్టించే పంక్చరు దుకాణాలు మనవి. క్రీడాక్వాడ్ టైరుకు కావలసినది నాలుగైదు పౌండ్లు మాత్రమే. ఎక్కువ గాలితో బంతిలా ఎగిరే బండికి వేల డాలర్ల షాకప్ పెట్టినా ప్రయోజనం సున్న. ఆ తరువాత తన బరువుకు తగిన స్ప్రింగులు. ఆ తరువాత, అవసరమైతే, ఉన్న షాకప్‌లనే విప్పి లోపలి బిళ్ళలను తన బరువుకూ ట్రాక్‌కూ తగినట్లు మార్పించడం. ఇంతవరకు చేసి, ఒక ఏడాది నడిపి, ఇంకా లోటు కనిపించినవాడు కొత్త షాకప్‌ల గురించి ఆలోచించవచ్చు.

అప్పుడు కూడా ఒంటరిగా షాకప్‌లు కొని లాభం లేదు. పోటీలో ఆరితేరినవారు వాడే పొడవైన షాకప్‌లకు వాటికి తగిన పొడవైన చేతులు కావాలి. బండి వెడల్పు పెరుగుతుంది. వెనుక ఇరుసు కూడా వెడల్పు చేయవలసి వస్తుంది. అమెరికా జాతీయ మోటోక్రాస్ పోటీలలో క్వాడ్ వెడల్పు 50 అంగుళాలు మించరాదన్న నియమం ఉన్నది. పైన చెప్పిన యమహా కర్మాగారం నుండే దాదాపు 49 అంగుళాల వెడల్పుతో వస్తుంది. మోటోక్రాస్‌కని బండిని వెడల్పు చేసి కిందికి దించినవాడు, అదే బండితో అచ్చంపేట వైపు రాళ్ళగుట్టల మీదికి పోతే కింది గొట్టాలు బండకు తగులుతాయి. ట్రాక్ బండి ట్రాక్‌కే. రెంటికీ పనికివచ్చేటట్లు అమర్చిన బండి రెండు చోట్లా రెండో స్థానంలో ఉంటుంది. దానికి సిద్ధపడినవానితో మాకు పేచీ లేదు.

ధర విషయం దాచవలసిన పని లేదు. పోటీకి ఉద్దేశించిన పేరున్న షాకప్‌ల జత ఒక్కటే, ముందు చక్రాలకు మాత్రమే, అమెరికాలో వెయ్యి డాలర్లు దాటుతుంది. కొన్ని అంతకు రెండింతలు. దిగుమతి సుంకమూ రవాణా ఖర్చూ వేరు. మన ఊళ్ళో ఒక కుటుంబం మోటారుసైకిల్ కొనుక్కోగల సొమ్ము అది. ఇంతా చేసి ఆ షాకప్ ఏడాదికోసారైనా విప్పి, నూనె మార్చి, సీళ్ళు మార్చి, నత్రజని నింపి మూయవలసిన వస్తువు. నూనెలో గాలి కలిస్తే నురుగు పట్టి బిగువు పోతుంది కనుక, మంచి షాకప్‌లలో నూనెను వేరుచేసి దాని వెనుక నత్రజనిని ఒత్తిడితో నింపుతారు. ఆ పని చేయగల చోటు ఎక్కడున్నది? సీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఎన్ని రోజులలో వస్తాయి? కొనేముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ షాకప్ ఎంత గొప్పదైనా కొనరాదని మా దృఢమైన అభిప్రాయం. సముద్రాలు దాటి సీలు వచ్చేదాకా బండి ఇటుకల మీద నిలబడి ఉంటే గొప్పతనమంతా గోడ మీది పటమే.

మన నేల ఈ ప్రశ్నను మరింత పదును చేస్తున్నది. ఇక్కడి ఎర్రని చల్కలూ, మొరం దిబ్బలూ నల్లరాయి అరిగి ఏర్పడినవి. వానలు తక్కువ, ఏడాదిలో చాలా నెలలు దుమ్మే. ఆ దుమ్ములో సన్నని ఇసుక పలుకు ఉంటుంది. షాకప్ కడ్డీ మీద అది అంటుకొని, కడ్డీ లోపలికి పోయిన ప్రతిసారీ సీలును ఆకురాయిలా గీస్తుంది. విదేశీ సూచికలో వ్రాసిన గడువు అక్కడి తడిమట్టికి వ్రాసినది. ఇక్కడ సగం గడువుకే విప్పి చూడడం మంచిది. నడిపిన తరువాత తడిగుడ్డతో కడ్డీలు తుడవడం, నీటిపంపు ధాటిని నేరుగా సీళ్ళ మీద కొట్టకపోవడం - ఇవి ఖర్చులేని మేలుకూర్పులు. మేలుకూర్పు అనగానే పార్సిలులో వచ్చేది మాత్రమే గుర్తుకు రావడం నేటి ధోరణి.

నల్లగొండ పేరు ప్రపంచ సాంకేతిక గ్రంథాలలోకి ఎక్కినది దేనివల్లనో మన విద్యార్థులకు గుర్తుండాలి. నీటిలోని ఫ్లోరైడును తీసివేసేందుకు నాగపూరులోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతి వల్ల. పటికా, సున్నమూ వేసి, కలిపి, తేర్చడమే ఆ పద్ధతి. ఏ దుకాణంలోనైనా దొరికే వస్తువులు. అయితే ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడు ఎంత, క్షారత ఎంత అన్నది కొలిచిన తరువాతనే తెలుస్తుంది. ఒక బావి మోతాదు మరొక బావికి పనికిరాదు. ఫ్లోరైడు కష్టాన్ని ఆటబండితో పోల్చడం మా ఉద్దేశం కాదు. కొలిచి మోతాదు వేయడమనే పద్ధతి మన జిల్లా పేరుతోనే లోకానికి పరిచయమైనదని మాత్రమే చెబుతున్నాము.

చివరిగా మిస్త్రీల సంగతి. మన పట్టణాలలో కమాను పనివాళ్ళు, మెకానిక్కులు ఎందరో బడికి పోయింది తక్కువ, చేతికి వచ్చినది ఎక్కువ. బండిని ఒకసారి నొక్కి వదిలి, అది లేచే తీరు చూచి, లోపల నూనె ఉన్నదో లేదో చెప్పగల ఉస్తాదులు ఉన్నారు. ఆ నొక్కుడే మనం పైన వ్రాసిన డోలన పరీక్ష. అయితే ఆ విద్య చేతి నుండి చేతికి పోతున్నదే గాని కాగితం మీదికి రావడం లేదు. ఉస్తాద్ ఏ బండికి ఏ మందం పట్టీ వేశాడో, ఎవరి బరువుకు ఎంత బిగించాడో అతని తలలో ఉన్నది. అతడు కన్ను మూసిన నాడు దుకాణం షట్టరుతో పాటు అదీ మూతపడుతుంది. మరోవైపు, హుక్ నియమం నోటికి వచ్చిన మన విద్యార్థి రింగును ఏ వైపు తిప్పితే బిగుస్తుందో ఎరుగడు. ఒకరికి అంకె లేదు, ఒకరికి చేయి లేదు.

ఈ రెండింటిని కలపడం కళాశాలకు అసాధ్యమైన పనేమీ కాదు. భౌతికశాస్త్ర విభాగం వారు నెలకొక శుక్రవారం సాయంత్రం, నమాజు తరువాత, ఒక ఉస్తాదును పిలిచి ప్రయోగశాలలో స్ప్రింగులు కొలిపించవచ్చు. క్వాడే కావాలని లేదు. ఆటో షాకప్ అయినా, పాత మోటారుసైకిల్‌ది అయినా సరే. తూకపు రాళ్ళు ఉన్నవి, స్కేలు ఉన్నది. ఒక దళసరి పుస్తకం కొని, పేజీకొక బండి చొప్పున గీతలు కొట్టి, నడిపేవాని బరువు, ముందు వెనుకల కుంగుదల, స్ప్రింగు స్థిరాంకం, మరల టిక్కులు, టైరు గాలి, నూనె మార్చిన తేదీ, నడిచిన నేల అనే గడులు వేయాలి. ఈ సంచికవలెనే ఆ పుస్తకానికీ రెండు వైపులా అట్ట ఉండాలి. ఉర్దూ చదివే మిస్త్రీ ఒక వైపు నుండి, తెలుగు చదివేవాడు మరొక వైపు నుండి తెరచుకోవచ్చు. మొదటి పేజీ నింపడానికి మా వద్ద ఒక పాత బజాజ్ ఆటో వెనుక షాకప్ సిద్ధంగా ఉన్నది. దాని స్ప్రింగు బలమెంతో ఇంకా ఎవరూ కొలవలేదు.